గుమ్మం పక్కన స్టూలు, నీళ్ళ గిన్నె

"ఏవండీ, నెల కూడా కాలేదు. చూడండి, తల ఊడిపోయింది."

ఒక చేతిలో బ్రష్ పిడి, ఇంకో చేతిలో రేకుతో సహా ఊడొచ్చిన కుచ్చు పట్టుకుని ఆవిడ నా ముందు నిలబడ్డారు. పౌడర్ బ్రష్ అది. 350 రూపాయలకు నేనే అమ్మాను. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో మా మామయ్యగారి ఫ్యాన్సీ షాపు ఉంది. పెళ్ళయి వచ్చిన రెండో ఏటి నుంచి మేకప్ సామాను కౌంటర్ నేనే చూస్తున్నాను. అప్పటికి నేను కౌంటర్ ఎక్కి ఆరు నెలలు. గాజుల సైజు చెయ్యి చూసి చెప్పగలను, సవరం రంగు జుట్టు చూసి తీయగలను. బ్రష్‌ల గురించి మాత్రం ధర, కంపెనీ తప్ప ఏమీ తెలియదు. సరుకు మంచిది కాదేమో అనుకుని, మారుమాట్లాడకుండా కొత్తది ఇచ్చాను. ఆవిడ సంచిలో పెట్టుకుంటూ, "రాత్రి వేడినీళ్ళలో సర్ఫ్ వేసి గ్లాసులో నానబెట్టానండీ, పొద్దున చూసేసరికి ఇలా" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ తప్పు చేశారని కాదు. బ్రష్ కొన్నప్పుడు ఎలా కడగాలో నేను చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలియదు.

ఆ ఆదివారం, పెట్టెల మీద గీతలు పడి అమ్ముడుపోని బ్రష్‌లు ఐదు ఇంటికి తెచ్చుకున్నాను. మొదటిదాన్ని ఆవిడ చేసినట్టే రేకు మునిగేదాకా సర్ఫ్ నీళ్ళలో రాత్రంతా ఉంచాను. రెండోదాన్ని చంటిపిల్లల షాంపూతో, కుచ్చు వరకే తడిపి కడిగి, పెన్నుల డబ్బాలో కుచ్చు పైకి ఉండేలా నిలబెట్టి ఆరనిచ్చాను. మూడోదాన్ని అలాగే కడిగి, బల్ల అంచున పడుకోబెట్టాను. నాలుగోదానికి ఒంటి సబ్బు, మా అపార్టుమెంటు బోరు నీళ్ళు. ఐదోదానికి కుంకుడు రసం. ప్రతి ఆదివారం కొంచెం ఫౌండేషన్, కొంచెం పౌడర్ పూసి మళ్ళీ అలాగే కడిగేదాన్ని. రెండు నెలలు చేశాను.

సర్ఫ్ బ్రష్ మూడో వారానికే పిడి దగ్గర ఊగింది. నిలబెట్టి ఆరబెట్టిన బ్రష్ పైకి చూడ్డానికి బాగానే ఉండేది కానీ, ఏడో వారానికి రేకు పిడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, వెంట్రుకల మొదళ్ళ దగ్గర తడిగుడ్డ వాసన వచ్చింది. బోరు నీళ్ళ బ్రష్ వెంట్రుకలు తెల్లటి పొర పట్టి చీపురు పుల్లల్లా బిరుసెక్కాయి. కుంకుడు రసంతో కడిగింది మెత్తగా, శుభ్రంగా ఉంది. అయితే దాన్ని ఒకరోజు కంటి మీద వాడితే కన్ను మండింది. చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు కళ్ళలో పడితే ఎలా ఏడ్చేవాళ్ళమో గుర్తొచ్చింది. ఎంత జాడించినా కాస్త మిగిలే ఉంటుంది. బల్ల అంచున పడుకోబెట్టిన మూడోది కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని ఇప్పటికీ నేనే వాడుతున్నాను.

తర్వాత ఒక పాడైన బ్రష్‌ను కత్తితో చీల్చి చూశాను. వెంట్రుకల మొదళ్ళను బంకతో అతికించి రేకు గొట్టంలో దూర్చుతారు. ఆ గొట్టాన్ని పిడికి తొడిగి నొక్కుతారు. పట్టుకున్నదంతా ఆ బంక, ఆ నొక్కుడే. వేడినీళ్ళు తగిలితే బంక మెత్తబడుతుంది. కర్ర పిడి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరాక సన్నబడుతుంది, రేకు వదులవుతుంది. తడి బ్రష్‌ను నిలబెడితే నీళ్ళు నేరుగా దిగేది అక్కడికే. ఇది కళ్ళారా చూశాక కొనేవాళ్ళకి చెప్పడం సులువైంది.

చెబితే అందరూ తలూపేవాళ్ళు. నెల తర్వాత అదే జిడ్డు బ్రష్‌తో వచ్చేవాళ్ళు. చెప్పింది చెవిన పడుతుంది కానీ చేతికి రావాలంటే చెయ్యాలి. అందుకని కౌంటర్ మీదే గిన్నె పెట్టి కడిగి చూపిద్దామనుకున్నాను. మామయ్యగారు ఒప్పుకోలేదు. "నీళ్ళు చిందితే పౌడర్ డబ్బాలు పాడైపోతాయమ్మా" అన్నారు, అది నిజం. చివరికి ఆయనే గుమ్మం పక్కన ఒక స్టూలు వేసి, దాని మీద స్టీలు గిన్నె పెట్టుకోమన్నారు. అక్కడ వెలుతురు ఉంటుంది, తుడుచుకోవడం తేలిక. ఆ స్టూలు వల్ల ఇంకెన్ని పనులు జరిగాయో తర్వాత చెబుతాను.

నేను చూపించేది ఇంతే. గోరువెచ్చని నీళ్ళు, వేడివి కాదు. కుచ్చు కిందికి వంచి పట్టుకుని, వెంట్రుకలు మాత్రమే తడపాలి. అరచేతిలో శనగగింజంత చంటిపిల్లల షాంపూ వేసుకుని, అందులో బ్రష్‌ను మెల్లగా గుండ్రంగా తిప్పాలి. రబ్బరు మ్యాట్లు మా దగ్గరా ఉన్నాయి, కావాలంటే అమ్ముతాను, కానీ ఇంట్లో వాడుకోవడానికి నాలుగు బ్రష్‌లున్న మనిషికి అరచెయ్యి చాలు. మొదటి నురగ రంగుగా వస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా, బ్రష్ కిందికి ఉంచే, జాడించాలి. బోరు నీళ్ళ ఇళ్ళవాళ్ళు చివరి జాడింపు తాగే నీళ్ళతో చేయమని చెబుతాను, అర గ్లాసు చాలు. తర్వాత తువ్వాలులో పెట్టి నొక్కాలి, మెలి తిప్పకూడదు. వేళ్ళతో కుచ్చుకు మళ్ళీ దాని ఆకారం ఇచ్చి, కుచ్చు భాగం బల్ల అంచు దాటి గాల్లో ఉండేలా పడుకోబెట్టాలి. బల్ల మీద ఆనితే ఆ వైపు అణిగిపోయి అలాగే ఆరుతుంది. ఎండలో పెట్టొద్దు, పిడి రంగు పగులుతుంది.

మే నెలలో మా ఊళ్ళో రాత్రి పెడితే పొద్దుటికి ఆరిపోతుంది. శ్రావణంలో అలా కాదు. పైన ముట్టుకుంటే పొడిగా ఉంటుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతాలు కూడా ఆ నెలలో ఉంటాయి. పొద్దున పేరంటం ఉందని ముందు రాత్రి కడగొద్దని, రెండు రోజుల ముందే కడిగి ఫ్యాను కింద పెట్టమని చెబుతాను.

ఎన్నాళ్ళకోసారి అన్నది అందరూ అడిగే ప్రశ్న. అమెరికా చర్మవైద్యుల అకాడమీ ఏడు నుంచి పది రోజులకోసారి కడగమంటుంది. నేను ఆదివారం అని చెబుతాను, రోజు పేరు చెబితే గుర్తుంటుంది. పొడి పౌడర్‌కు వాడే పెద్ద బ్రష్ ఒక వారం ఆలస్యమైనా ఊరుకోవచ్చు. ఫౌండేషన్ లాంటి తడి సరుకు తాకే బ్రష్, కంటి మీద వాడే బ్రష్ మాత్రం ఆగకూడదు.

బ్రష్ వెంట్రుక గురించి కూడా ఒక మాట. మేక వెంట్రుకతో చేసినవి పొడి పౌడర్‌ను బాగా పట్టుకుంటాయి. నైలాన్ రకం తడి సరుకుకు మంచిది, ఎందుకంటే అది పీల్చుకోదు, తొందరగా ఆరుతుంది, కడగడం తేలిక. ఒకసారి సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చి, అమ్మవారి విగ్రహానికి పసుపు, కుంకుమ అద్దడానికి చిన్న బ్రష్ కావాలన్నారు. తీసి ఇచ్చాను. "జంతువు వెంట్రుక కాదు కదమ్మా?" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆరోజు నుంచి ప్రతి బ్రష్ పెట్టె మీద ఏ రకం వెంట్రుకో తెలుగులో రాసి అంటిస్తున్నాను.

స్పాంజీల సంగతి వేరు. కోడిగుడ్డు ఆకారంలో రంగురంగులుగా ఉండే ఆ స్పాంజిని పొడిగా వాడితే సగం ఫౌండేషన్ అదే తాగేస్తుంది. నీళ్ళలో ముంచి పిండితే ఉబ్బుతుంది, అప్పుడు సరుకు పైపైనే నిలిచి ముఖానికి చేరుతుంది. ఈ సంగతి వీడియోలు చూసి చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తర్వాతి పని. వాడిన తడి స్పాంజిని అది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి మూతపెడతారు, డబ్బాను బాత్రూంలో పెడతారు. పది రోజుల తర్వాత కోస్తే లోపల నల్లటి చుక్కలు. ఒక అమ్మాయి నా ముందే కోసింది, నేనే కోయమన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. 2019లో ఇంగ్లండ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జనం వాడుతున్న మేకప్ సామాను తెప్పించి పరీక్షిస్తే పదింట తొమ్మిదింటిలో బాక్టీరియా కనిపించింది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఈ స్పాంజీల్లోనే, వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి. ఈ సంగతి నేను అట్టముక్క మీద రాసి స్పాంజీల అర పక్కన పెట్టాను. చదివి కొందరు కొనకుండా వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళారు. కడిగే ఓపిక లేకపోతే వేళ్ళతో రాసుకోవడమే మంచిది, చేతులు ఎలాగూ కడుక్కుంటాం కదా.

స్పాంజిని వాడిన రోజే కడగాలి. తడిపి, సబ్బు బిళ్ళ మీద రుద్ది, పిండుతూ వదులుతూ ఉంటే లోపలి రంగు బయటికి వస్తుంది. ఆరబెట్టేది మూత లేని చోట, గాలి తగిలే చోట. చిరిగినా, కడిగాక కూడా వాసన ఉన్నా, నల్ల చుక్క ఒక్కటి కనిపించినా పారేయాలి. ఏమీ లేకపోయినా మూడు నెలలకు మార్చమంటాను.

ఇంకో ఫిర్యాదు ఉండేది, దాని జవాబు కనిపెట్టడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది. "కాంపాక్ట్ సగం కూడా అవ్వలేదు, పొడి రావట్లేదు, డూప్లికేటా?" అని. తెరిచి చూస్తే పైన గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటుంది. ముఖంలోని జిడ్డు పఫ్‌కు, పఫ్ నుంచి పౌడర్‌కు ఎక్కి పెచ్చు కట్టేస్తుంది. గమ్ టేపు ముక్క అంటించి లాగితే ఆ పెచ్చు వచ్చేస్తుంది, కింద పొడి కొత్తదానిలా ఉంటుంది. ఆ టేపు పని గుమ్మం దగ్గర చేసి చూపిస్తే మనుషుల ముఖాలు విచ్చుకుంటాయి. కొత్త కాంపాక్ట్ అమ్ముకోవచ్చు కదా అని పక్క షాపు ఆయన ఒకసారి అడిగారు. ఆ మనిషి వచ్చే నెల పఫ్‌కో కాటుకకో నా దగ్గరికే వస్తుంది. ఇప్పుడు కాంపాక్ట్ కొన్న ప్రతివాళ్ళకీ విడిగా ఒక కాటన్ పఫ్ కూడా తీసుకోమంటాను, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి చేతిలో ఉండడానికి.

ఇక మొదటిసారి కొనేవాళ్ళు. వీళ్ళంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి వాళ్ళమ్మతో వచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో 23 వస్తువుల జాబితా. ప్రైమర్, కన్సీలర్, కాంటూర్, హైలైటర్, 12 బ్రష్‌ల సెట్టు, ఇంకా ఏమేమో. వాళ్ళమ్మ నాకేసి చూసి, "రెండు వేలు తెచ్చానమ్మా, అన్నీ వస్తాయా?" అన్నారు. అన్నీ వస్తాయి, నాసిరకంవి. ఆ అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి అడిగాను: మేకప్ వేసుకుని ఎక్కడికి వెళ్తావు? పొద్దున తయారవడానికి ఎంతసేపు ఉంటుంది? ఇప్పుడు ముఖానికి ఏం రాస్తున్నావు? కాలేజీకి, పది నిమిషాలు, ఏమీ రాయను అంది. బస్సులో గంట ప్రయాణం, దిగేసరికి చెమట. ఆ ముఖం మీద 23 పొరలు నిలవవు.

ఆరోజు నేను కట్టి ఇచ్చింది ఇదీ: సన్‌స్క్రీన్ ఒకటి, కాంపాక్ట్ ఒకటి, రెండు కాటన్ పఫ్‌లు, కాటుక పెన్సిల్, చెక్కుకునే షార్ప్‌నర్, పెదవుల రంగుకు దగ్గరగా ఉన్న లిప్‌స్టిక్, నైలాన్ పౌడర్ బ్రష్ ఒక్కటి, ఇయర్ బడ్స్ పెట్టె. 1,100 రూపాయలైంది. మేకప్ తీయడానికి విడిగా ఏమీ ఇవ్వలేదు. కాటుక తీయడానికి కొబ్బరినూనె ఇంట్లో ఉంటుంది, రెండు చుక్కలు దూదికి అద్ది తుడిచి, ఆపైన ముఖం కడుక్కుంటే పోతుంది. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. 12 బ్రష్‌ల సెట్టు కేసి చూస్తూనే ఉంది. "మూడు నెలలు ఇది వాడు, బ్రష్ ఆదివారం ఆదివారం కడుగు. అప్పటికీ కావాలనిపిస్తే ఏ బ్రష్ కావాలో నీకే తెలుస్తుంది" అన్నాను. ఆమె మూడు నెలలకు కాదు, ఐదు నెలలకు వచ్చింది. కళ్ళకు రంగు అద్దుకునే చిన్న బ్రష్ ఒక్కటి అడిగింది.

ఆ కిట్టే ఇప్పుడు మా షాపులో బట్ట సంచిలో కట్టి పెడుతున్నాం. కానీ కాంపాక్ట్, లిప్‌స్టిక్ ముందే పెట్టి కట్టను, ఆ రెండూ మనిషిని చూశాకే. షేడు చూడ్డానికి కూడా గుమ్మం దగ్గరి స్టూలే. షాపు లోపలి ట్యూబులైట్ల కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మణికట్టు మీద రాసి చూడ్డం మనవాళ్ళకి అలవాటు, ఆ రంగు ముఖానిది కాదు. దవడ అంచున చిన్న గీత గీసి, పగటి వెలుతురులో చూసి, పది నిమిషాలు ఆగాలి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక కాస్త ముదురుతాయి. గీత మాయమైపోతే అదే మీ షేడు. "ఒక నెంబరు తెల్లగా ఇవ్వండి" అని తల్లులు అడుగుతారు, తమకు కాదు, కూతుళ్ళకు. ఆ మాట కూతురి ముందే అంటారు. నాకు మనసు చివుక్కుమంటుంది. చామనచాయ ముఖానికి తెల్లటి పౌడర్ కొడితే బూడిద పూసినట్టుంటుంది, మెడ వేరు, ముఖం వేరు. అద్దం ఇచ్చి ఒక బుగ్గకు అడిగిన షేడు, ఇంకో బుగ్గకు సరైన షేడు వేసి చూపిస్తాను. మాటల కంటే అద్దం బాగా చెబుతుంది, ముఖ్యంగా ఆ పిల్లకి.

కొనేముందు రాసి చూడ్డానికి తెరిచి పెట్టే టెస్టర్ల విషయంలో నేను గట్టిగా ఉంటాను. లిప్‌స్టిక్ టెస్టర్ పెదవికి తాకనివ్వను. చెక్కతో కాస్త గీరి, ఇయర్ బడ్‌తో చేతి మీద రాస్తాను. సాయంత్రం షట్టరు దించేముందు టెస్టర్ల పైపొర గీరేసి, మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్‌తో తుడుస్తాను. 99 శాతం అయితే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. కాదు, అది పని చేసేలోపే ఆవిరైపోతుంది. ఆ 30 శాతం నీళ్ళుంటేనే క్రిముల మీద నిలుస్తుంది. కరోనా రోజుల్లో శానిటైజర్ సీసాల మీద ఇలాంటి అంకెలే చదివాం. కళ్ళకు సంబంధించిన టెస్టర్ మాత్రం అసలు పెట్టలేదు.

సీసా మీద ఏం చూడాలో కూడా స్టూలు దగ్గరే చెబుతాను, పెద్దగా సమయం పట్టదు. తయారీ లైసెన్సు నెంబరు, బ్యాచి నెంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6 అనో 12 అనో ఉంటే, తెరిచాక అన్ని నెలలే వాడాలని. తెరిచిన తేదీ డబ్బా అడుగున రాసుకోమంటాను. కనురెప్పల వెంట్రుకలకు రాసే మస్కారా మూడు నెలలు, ఆపైన వద్దు. తడి, చీకటి, కన్ను, మూడూ కలిసే చోటు అది.

బ్యూటీషియన్ కోర్సులో చేరే అమ్మాయిలకు కట్టే కిట్టు పూర్తిగా వేరు. వాళ్ళు పదిమంది ముఖాలు ముట్టుకుంటారు. రంగుల కంటే ముందు రంగులు కలుపుకునే స్టీలు ప్లేటు, చిన్న గరిటె, స్పిరిట్ స్ప్రే, పారేసే మస్కారా పుల్లలు, రెండు జతల బ్రష్‌లు తీసుకోమంటాను. ఒక పార్లర్‌లో పెళ్ళిళ్ళ సీజనులో ఒకే బ్రష్ ఏడుగురికి వాడారని అక్కడ పని నేర్చుకున్న పిల్లే నాకు చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా పెళ్ళికూతుళ్ళను తయారు చేస్తోంది, 30 బ్రష్‌లున్నాయి, ఎవరికి వాడినవి వాళ్ళ సంచిలో వేసి ఇంటికి తెచ్చి కడుగుతుంది.

నేను ఎక్కువగా మనసు పెట్టింది డాన్సు పిల్లల మీద. కూచిపూడి మాకు దగ్గరే, ఊళ్ళో ప్రతి పేటలోనూ ఒక టీచరుగారు ఉంటారు. దసరా వచ్చిందంటే పిల్లల తల్లులు పాన్‌కేక్, పారాణి, జడకుచ్చులు, సవరాల కోసం వస్తారు. పాన్‌కేక్ అంటే గట్టి బిళ్ళ, తడి స్పాంజితో రుద్ది ముఖానికి పట్టిస్తారు. రంగస్థలం దీపాల కింద ముఖం దూరానికి కనబడాలి, కళ్ళు చెవుల దాకా సాగాలి. అందుకని దట్టంగా వేస్తారు. వేసేది ఒకరో ఇద్దరో, పిల్లలు పాతిక మంది. ఒక స్పాంజి, ఒక బిళ్ళ, ఒక కాటుక పెన్సిల్. స్పాంజి ముఖం తాకి బిళ్ళ తాకి మళ్ళీ ఇంకో ముఖం. అయిపోయాక తడి స్పాంజిని బిళ్ళ మీదే పెట్టి మూత బిగిస్తారు, సంక్రాంతికి తీస్తారు.

2023 వానాకాలంలో కళ్ళకలక రెండు రాష్ట్రాల్లోనూ బళ్ళకు బళ్ళే పట్టుకుంది. ఆ రోజుల్లోనే ఒక టీచరుగారి పిల్లలు ప్రోగ్రాం ఇచ్చారు. తర్వాత నాలుగు రోజులకు ఒక తల్లి వచ్చి, ఎనిమిది మందికి కళ్ళు ఎర్రబడ్డాయని చెప్పారు. ఊరంతా ఉన్న జబ్బు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ తేల్చలేరు. కానీ 24 మంది కళ్ళ మీద తిరిగిన ఆ ఒక్క కాటుక పెన్సిల్ నా కౌంటర్ నుంచి వెళ్ళిందే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

టీచరుగారిని వెళ్ళి కలిశాను. ఆవిడ మొదట, "గంటలో 24 మందిని తయారు చేయాలమ్మా, ఇవన్నీ కుదురుతాయా?" అన్నారు. కుదురుతుందో లేదో చూద్దామని ఒక శనివారం క్లాసులోనే ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టి వేశాను. పాన్‌కేక్‌ను చిన్న చాకుతో గీరి స్టీలు పళ్ళెంలో పొడి చేసి, పిల్లకొకటి చొప్పున గిన్నె మూతల్లో కాస్త వేసి, నాలుగు చుక్కల నీళ్ళతో కలిపాను. ఎవరి స్పాంజి వాళ్ళది. 15 రూపాయల ముక్క స్పాంజి సరిపోతుంది. లిప్‌స్టిక్ గీరి పళ్ళెం అంచున పెట్టి ఇయర్ బడ్‌తో, ఒకసారి పెదవి తాకిన బడ్ మళ్ళీ పళ్ళెంలోకి రాకుండా. కాటుక మాత్రం ఎవరి పెన్సిల్ వాళ్ళే తెచ్చుకోవాలి, ఇందులో సర్దుబాటు లేదు. ఒక్కో పిల్లకు పట్టిన సమయం మామూలు కంటే నిమిషం ఎక్కువ. టీచరుగారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు, చివరికి, "గంట ముందు రమ్మంటాను" అన్నారు.

అప్పుడే డాన్సు పిల్లల సంచి మొదలైంది. ఒక స్పాంజి, ఒక పఫ్, ఒక కాటుక పెన్సిల్, పాతిక ఇయర్ బడ్స్, ఇంటికి వెళ్ళాక ఎలా తీయాలో రాసిన చీటీ. పిల్లలు అలిసిపోయి కారులోనే నిద్రపోతారు, మేకప్‌తోనే పడుకోబెట్టేస్తారు, అది చాలామంది ఇళ్ళల్లో జరిగేదే. నిద్రలోనైనా సరే కొబ్బరినూనెతో తుడిచి తడిగుడ్డ పెట్టమని చీటీలో రాశాను. కొత్తగా చేరిన పిల్లకు వారం ముందే చెవి వెనక కాస్త పాన్‌కేక్ రాసి రెండు రోజులు చూడమని కూడా రాశాను. ఒక పాపకు అలా దద్దుర్లు వచ్చి, వేరే రకం మార్చి ఇచ్చాను. స్టేజీ ఎక్కే రోజున వచ్చి ఉంటే ఆ పిల్ల ఎంత ఏడ్చేదో.

పోయిన దసరాకు ముందు, ఆ ఎనిమిది మంది సంగతి చెప్పిన తల్లే మళ్ళీ షాపుకు వచ్చారు. పెద్ద సంచి స్టూలు మీద బోర్లించారు. 31 చిన్న సంచులు, అన్నిట్లోనూ కడిగి ఆరబెట్టిన స్పాంజీలు, పఫ్‌లు. ఆవిడే అందరి ఇళ్ళ నుంచీ పోగుచేసి తెచ్చారట, ఏవి మార్చాలో నన్ను చూడమన్నారు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూశాం, వాసన చూశాం. తొమ్మిది స్పాంజీలు తీసేశాం. కొత్తవి ఇస్తుంటే ఆవిడ, "పాత సంచుల మీద పేర్లు ఉతుకులో పోయాయండీ. ఉతికినా పోని మార్కర్ ఏమన్నా ఉందా?" అని అడిగారు. మేము మార్కర్లు అమ్మం. కౌంటర్ సొరుగులో ధరలు రాసుకునేది ఒకటి ఉంటే తీసి, మూత బిగుతుగా ఉందో లేదో చూసి, ఆవిడ చేతిలో పెట్టాను.